వంటక్క ఆమేన్ అనలేదు

ఆ సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ హాల్లో కలిసి భోంచేస్తారు. ఆ భోజనం మీద ప్రార్థన మాత్రం పాస్టరుగారు చెయ్యరు, పెద్దలు చెయ్యరు. వండినవాళ్ళే చెయ్యాలి. చర్చికి ఇంకా పైకప్పు కూడా లేని తొలిరోజుల్లో ఎవరో ముసలావిడ పెట్టిన పద్ధతి అంటారు. పొగకి మండిన కళ్ళే ముందు మూసుకోవాలి అందట ఆవిడ. అప్పటి పెద్దలు కాదనలేకపోయారు. కాదంటే ఎలా, గరిటె ఆవిడ చేతిలో ఉందాయె.

రెండో ఆనవాయితీ ఇంకా గట్టిది. ప్రార్థన వినపడుతున్నంతసేపు ఆ ఆవరణలో ఎవరూ కాలు కదపకూడదు. మెట్లు ఎక్కుతున్నవాడు ఒక కాలు పైన, ఒక కాలు కింద పెట్టుకుని అలాగే నిలబడాలి. కుళాయి కింద చేతులు పెట్టినవాడు నీళ్ళు కారుతున్నా అలాగే ఉండాలి. ఆమేన్ వినపడ్డాకే రెండో అడుగు. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి ఇది భక్తి కూడా కాదు, తుమ్మొస్తే తుమ్మినంత అలవాటు.

ఆ వంట చేసేది వంటక్క. వారమంతా ఒక హాస్టల్లో జీతానికి వండుతుంది, ఆదివారం ఇక్కడ ఊరికే వండుతుంది. హాస్టల్లో వార్డెను మాట వింటుంది గాని ఇక్కడ ఎవరి మాటా వినదు. వంటగదిలో ఆవిడదే రాజ్యం. కొత్తగా పెళ్ళై వచ్చిన అమ్మాయి సరదాపడి ఉల్లిపాయలు తరుగుతానంటే, ముక్కలు సమంగా లేవని అందరిముందూ అనేసింది. ఆ పిల్ల ఏడ్చింది. ఉల్లిపాయల వల్లేనని అందరూ సర్దిచెప్పుకున్నారు.

అంత నోరున్న మనిషి చేసే ప్రార్థన మాత్రం చాలా పొట్టిది. "ప్రభువా, నువ్విచ్చావు, మేం వండాం, వీళ్ళు తింటారు. ఆమేన్." పాస్టరుగారి ప్రార్థన అయ్యేసరికి కూర చల్లారుతుంది, వంటక్క ప్రార్థనకి ఆవిరి కూడా తగ్గదు అని పిల్లలకి మహా సంబరం. పైగా ఆవిడ ఒక కన్నే మూసుకుంటుంది. రెండోది పొయ్యి మీద ఉండాలి కదా. దేవుడికి ఆమాత్రం తెలుసునని ఆవిడ నమ్మకం.

ఇక ఆ వంటగదికి రెండు తలుపులు. ఒకటి హాల్లోకి, వడ్డించే బల్ల దగ్గరికి. రెండోది వెనకవైపు పెరట్లోకి. అక్కడ మెట్లు, పక్కన కుళాయి, కాస్త దూరంలో వెనక గేటు. ఆ మెట్ల మీద ప్రతి ఆదివారం ఒకాయన కూర్చునేవాడు. తాపీమేస్త్రి. వంటక్కకి సొంత మరిది. ఆ వంటగది గోడలు కట్టింది కూడా ఆయనే. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, లోపల పాటలు మొదలయ్యే వేళకి వచ్చేవాడు. వచ్చి చొక్కా చేతులు మడిచి పెద్ద పెద్ద గిన్నెలన్నీ తోమేవాడు. భోజనాల వేళకి వదిన కంచం తెచ్చి చేతికిస్తే మెట్టు మీదే కూర్చుని తినేవాడు. గుమ్మం దాటి లోపలికి మాత్రం రాడు.

ఎందుకు రాడో అందరికీ తెలుసు. రెండేళ్ళ కిందట ఆయన భార్య జబ్బుపడింది. సంఘమంతా ఉపవాసాలుండి, ఇంటికి వంతులు వేసుకుని వెళ్ళి ప్రార్థనలు చేశారు. ఆవిడ బతకలేదు. దేవుడి చిత్తం అన్నారు అందరూ. అదైనా ఓర్చుకున్నాడు. సమాధి దగ్గర, ఇంకా మట్టి వేస్తుండగానే ఒకరు అన్నారు, "మన ప్రార్థనలో విశ్వాసం చాలలేదేమో" అని. మేస్త్రి చేతిలో మట్టి అక్కడే పారేసి వెళ్ళిపోయాడు. తర్వాత చాలా వారాలకి ఒక ఆదివారం వెనక గేటు దగ్గర కనపడ్డాడు.

"లోపలికి రా," అంది వంటక్క.

"రాను వదినా. దేవుడితో నాకు మాటల్లేవు."

"మాటల్లేకపోతే మానె. ఆ గిన్నెలు నానబెట్టి ఉన్నాయి, కాస్త తోమిపెట్టు."

అలా మొదలైంది. మిగతా ఆరు రోజులూ ఆయన ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడడని వంటక్కకి తెలుసు. పని నుంచి వచ్చి గదిలో లైటు కూడా వెయ్యడు. వండుకుంటే వండుకుంటాడు, లేకపోతే లేదు. మనుషుల మధ్య కూర్చుని తినేది ఈ ఒక్క పూటే. మెట్ల మీద చంటిపిల్లల తల్లులు కూర్చుంటారు, రాత్రి డ్యూటీ దిగి నిద్రమొహంతో వాచ్‌మేన్ వస్తాడు, వాళ్ళతో ఏదో ఒకటి మాట్లాడతాడు. అప్పుడప్పుడు నవ్వుతాడు కూడా. ఈ కంచం కూడా పోతే మనిషి పూర్తిగా తలుపేసుకుంటాడని వంటక్క భయం. ఆ తలుపు మళ్ళీ తీయించడం ఎవరి తరమూ కాదు.

ఇక సంఘ కార్యదర్శి వంటక్కకి స్వయానా తమ్ముడు. తల్లి పోతే ఆవిడే చంకనేసుకుని పెంచింది. ఇప్పుడు ఇనుప సామాన్ల కొట్టు పెట్టి నలుగురిలో పెద్దమనిషయ్యాడు. చెడ్డవాడు కాదు. కాకపోతే ఏది వంకరగా కనపడినా చక్కచెయ్యాలని చెయ్యి దురద. మేకులైనా, మనుషులైనా ఆయనకి ఒకటే.

శనివారం మధ్యాహ్నం ఆయన సుత్తీ, మేకులూ, మిలమిలలాడే కొత్త గడియా పట్టుకుని వంటగదిలోకి వచ్చాడు. వంటక్క రేపటికి ఉల్లిపాయలు తరుగుతోంది. పక్కన నర్సమ్మ బఠాణీలు వలుస్తోంది. ఆసుపత్రిలో పని, సంఘంలో ఊసులు, రెండూ సమంగా నడిపే మనిషి నర్సమ్మ.

"ఏంట్రా అది?" అంది వంటక్క.

"గడియ. వెనక తలుపుకి."

"దొంగలు పడ్డారా? మాడిన గిన్నెలు తప్ప ఇక్కడేం ఉందని?"

"దొంగల కోసం కాదక్కా. కమిటీలో అనుకున్నాం. రేపట్నుంచి భోజనం హాల్లోనే. ఆరాధనలో కూర్చున్నవాళ్ళకే. వెనక మెట్ల మీద వడ్డన ఉండదు."

వంటక్క కత్తి ఆపలేదు. "పాస్టరుగారేమన్నారు?"

"చూద్దాం అన్నారు."

నర్సమ్మ కిసుక్కున నవ్వింది. పాస్టరుగారు ఏం అడిగినా చూద్దాం అంటారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టుంటుంది ఆయన బతుకు. వెనకాల అందరూ ఆయన్ని చూద్దాంగారు అనే పిలుస్తారు.

"ఎవరి కోసంరా ఈ గడియ?" అంది వంటక్క.

"పేరు పెట్టి ఎవర్నీ అనలేదక్కా."

"పెట్టక్కర్లేదు. ఆ మెట్ల మీద కూర్చునేది ఎవరు? చంటిపిల్లల తల్లులు ఎలాగూ లోపలికొస్తారు. వాచ్‌మేన్ నిద్రలో నడిచైనా వస్తాడు. ఇక మిగిలింది మీ బావ."

తమ్ముడు సుత్తి కింద పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "నిజమే, బావ కోసమే. ఎన్నాళ్ళిలా బయట పెడతావు? నువ్వు బయట పెడుతున్నావు గనకే ఆయన లోపలికి రావడం లేదు. ఆకలేస్తే ఆయనే వస్తాడు."

"ఆకలేస్తే వచ్చే మనిషి కాదురా. పస్తు పడుకునే మనిషి."

"ఒక వారం పడుకుంటాడు. రెండు వారాలు పడుకుంటాడు."

"మూడో వారం మనం వెళ్ళి తలుపు కొట్టాలి. తీస్తాడో, తియ్యడో."

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనని జనం నవ్వుకుంటున్నారక్కా. మరిదికో న్యాయం, మందికో న్యాయమా అని."

ఆ మాట వంటక్కకి తగలాల్సిన చోటే తగిలింది. పుట్టింటివాడు మెట్టినింటివాణ్ణి అంటుంటే మధ్యలో ఆడదాని సంగతి ఎలా ఉంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. అలాగని ఊరుకునే మనిషి కాదు.

"నవ్వనీ," అంది. "కడుపు నిండినవాళ్ళకి నవ్వొస్తుంది. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది మీ కమిటీ. ఆ మనిషి గడప దాటకుండా పోవడానికి కారణమెవరు? ఆ మాట ఎవరి నోట్లోంచి వచ్చిందో నీకూ తెలుసు, నాకూ తెలుసు."

తమ్ముడి మొహం నల్లబడింది. సమాధి దగ్గర ఆ మాటన్నది ఆయనే. వెంటనే లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు.

"రేపు నువ్వు అడ్డం తిరిగితే వంటగది తాళం వేరేవాళ్ళకి ఇవ్వాల్సొస్తుంది. కార్యదర్శిగా చెప్తున్నాను, తమ్ముడిగా కాదు."

"అయితే కార్యదర్శిగారు బయటికి దయచెయ్యండి. నా తమ్ముడు కనపడితే ఉల్లిపాయలు తరగడానికి పంపించండి."

ఆయన గడియ బిగించే వెళ్ళాడు. ఒక్కో మేకు కొడుతుంటే బఠాణీలు గిన్నెలో ఎగిరిపడ్డాయి. ఎంత గట్టిగా బిగించాడంటే, తర్వాత నర్సమ్మ లాగి చూస్తే చెయ్యి నొప్పెట్టింది.

"ఏం చేస్తావక్కా?" అంది నర్సమ్మ.

"తెలీదు," అంది వంటక్క. నిజంగానే తెలీదు. వంట మానేస్తే హాలు నిండా జనం ఆకలితో పోతారు, వాళ్ళేం పాపం చేశారు? కంచం దాచి కిటికీలోంచి ఇస్తే మేస్త్రి తీసుకోడు, దొంగచాటు కూడు ఆయనకి పడదు. ముందుగా చెప్పేస్తే అసలు రానే రాడు. ఇల్లు చేరేదాకా, పడుకునేదాకా ఆలోచించింది. ఏమీ తోచలేదు. తోచలేదన్న కోపం కూడా తమ్ముడి మీదికే మళ్ళింది.

ఆదివారం మేస్త్రి ఎప్పటిలాగే వచ్చాడు. గడియ ఆయన కంట పడలేదు, అది తలుపుకి లోపలివైపు ఉంది. గిన్నెలు తోమి బోర్లించాడు. లోపల పాటలు అయ్యాయి, ప్రసంగం అయింది, దీవెన అయింది. జనం బిలబిలమంటూ హాల్లోకి వచ్చి బల్లల దగ్గర నిలబడ్డారు. చంటిపిల్లల తల్లుల్ని ఎవరో ముందే లోపలికి పిలిచేశారు. వాచ్‌మేన్ కూడా ఆవులిస్తూ హాల్లో ఒక మూల నిలబడ్డాడు. అన్నం, కూర, ఉడికించిన గుడ్లు, అన్నీ మూతలు పెట్టి బల్ల మీద ఉన్నాయి.

తమ్ముడు వంటగదిలోకి వచ్చి ఎవరి మొహమూ చూడకుండా వెనక తలుపు మూశాడు. గడియ పడింది. దాని చప్పుడు బయటికి కూడా వినపడే ఉంటుంది.

తొట్టి దగ్గరున్న కిటికీలోంచి వంటక్క చూసింది. మెట్టు మీద మేస్త్రి మూసిన తలుపు వైపు తిరిగి కాసేపు అలాగే కూర్చున్నాడు. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. మడిచిన చేతులు కిందికి దించుకున్నాడు. గుండీలు పెట్టుకున్నాడు. లేచి గేటు వైపు నడిచాడు. తొందరగా కాదు, మెల్లగా నడిచాడు.

"ప్రార్థన, అక్కా," అన్నాడు తమ్ముడు, హాలు వైపు గుమ్మంలో నిలబడి.

వంటక్క గరిటె పట్టుకుని తన చోట నిలబడింది. హాల్లో ఒక కన్ను, కిటికీలో ఒక కన్ను పడే చోటు అది. ఒక కన్ను మూసుకుంది. గొంతు అలవాటు ప్రకారం పైకి లేచింది.

"ప్రభువా, నువ్విచ్చావు, మేం వండాం, వీళ్ళు తింటారు."

ఇక్కడ ఆమేన్ రావాలి. హాలంతా అప్పటికే సగం నోరు తెరిచి ఉంది. కిటికీలోంచి చూస్తున్న కంటికి మేస్త్రి కనపడ్డాడు. గేటు గొళ్ళెం మీద చెయ్యి ఉంది. కాలు మాత్రం కదలడం లేదు. ప్రార్థన వినపడగానే ఆగిపోయాడు. తల కూడా వంచాడు. దేవుడితో మాటల్లేవుగాని, కాళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆమేన్ అంటే ఆ గొళ్ళెం తీస్తాడు. అనకపోతే తియ్యడు.

"ఇంకా ఉంది ప్రభువా," అంది.

హాల్లో తెరిచిన నోళ్ళు మళ్ళీ మూసుకున్నాయి.

ఏం చెప్పాలో ఆవిడకి ఇంకా తెలీదు. దొరికినవాటికల్లా స్తోత్రం మొదలుపెట్టింది. "ఉప్పు కోసం నీకు స్తోత్రం. మంట కోసం స్తోత్రం. నిన్న బఠాణీలు వలిచిన నర్సమ్మ చేతుల కోసం స్తోత్రం."

"అవును ప్రభువా," అంది నర్సమ్మ గట్టిగా.

"ఈ గిన్నెలన్నీ తళతళలాడేలా తోమిన చేతుల కోసం కూడా నీకు స్తోత్రం. అవి ఎవరి చేతులో నీకు తెలుసు. వీళ్ళకీ తెలుసు. కొత్త గడియ కోసం కూడా స్తోత్రం చెప్పాలి గానీ, అది నావల్ల కావడం లేదు ప్రభువా."

హాల్లో ఎవరో దగ్గారు. ఆ దగ్గు వెనక నవ్వుంది. తమ్ముడికి చెవులు ఎర్రబడ్డాయి. ఒక్క క్షణం చూసి, గొంతు సవరించుకుని, ఆయనే "ఆమేన్!" అన్నాడు ఖంగుమని.

ఎవరూ పలకలేదు. ఒక్క కుర్చీ కూడా కదల్లేదు.

"ప్రభువా, ఇప్పుడు ఆమేన్ అన్నది నా తమ్ముడు," అంది వంటక్క. "వండింది నేను. అది లెక్కలోకి తీసుకోకు."

"అక్కా, కూర చల్లారిపోతోంది," తమ్ముడు పళ్ళ బిగువున గొణిగాడు.

"కూర చల్లారిపోతోందని బెంగపడుతున్నాడు ప్రభువా. చల్లారిన కూర మళ్ళీ వేడి చేసుకోవచ్చు. గేటు దాటిన మనిషిని వెనక్కి తీసుకురావడం నాకు చేతకాదు. అందుకే ఆమేన్ అనడం లేదు. ఆ తలుపు తీసేదాకా అనను. ఆ మనిషి వచ్చి తన మెట్టు మీద కూర్చునేదాకా అనను. సాయంత్రం దాకా అయినా సరే. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు, అయినా సరే."

గేటు దగ్గర మేస్త్రి తలెత్తాడు. "వదినా! నా కోసం గొడవ పెట్టుకోకు. నన్ను పోనీ," అన్నాడు అక్కణ్ణుంచే.

"ప్రార్థన మధ్యలో మాట్లాడకూడదని మా మరిదికి తెలుసు ప్రభువా. వాళ్ళమ్మ నేర్పింది."

మేస్త్రి నోరు మూసుకున్నాడు.

పాస్టరుగారు ఒక కన్ను తెరిచి కార్యదర్శిని చూశారు, వంటక్కని చూశారు, మళ్ళీ మూసుకున్నారు. ప్రార్థనని ఆపే పద్ధతి ఆయన చదువుకున్నచోట ఎవరూ నేర్పలేదు. చంటిపిల్ల ఒకతె ఏడుపు అందుకుంటే తల్లి ఊపుతూ నిలబడింది. కాళ్ళు కదపకుండా ఊపడం కష్టమే, అయినా ఊపింది.

వంటక్క గరిటె బల్ల మీద పెట్టేసింది. గొంతులో వేళాకోళం పోయింది.

"ఆయనకి నీ మీద కోపం అని అందరూ అంటారు. నిజమే. నాకూ ఉంది ప్రభువా."

ఈసారి నర్సమ్మ అవును ప్రభువా అనలేదు. అలాంటి మాట ఆ గోడల మధ్య ఎవరూ ఎప్పుడూ పైకి అనలేదు. ఇంతదాకా వచ్చాక మింగడం ఎందుకని వంటక్క కక్కేసింది.

"మా తోటికోడలికి బాగాలేనప్పుడు నేను నిన్నేం అడిగాను? మేడలడిగానా? మనిషినడిగాను. ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో చెప్పనూ లేదు. నీ చిత్తం అన్నారు వీళ్ళంతా, నేనూ తలూపాను. అప్పట్నుంచి నీతో మూడు ముక్కలకి మించి మాట్లాడ్డం లేదు. అంతకుముందు ఎంతసేపు మాట్లాడేదాన్నో నీకు తెలుసు. నా ప్రార్థన పొట్టిదని పిల్లలు సంబరపడుతున్నారు. అది భక్తి కాదు, అలక. ఆయన అలిగి బయట కూర్చున్నాడు, నేను అలిగి లోపల నిలబడ్డాను. అంతే తేడా. లోపల నిలబడ్డానని నాకు పెడతారట, బయట కూర్చున్నాడని ఆయనకి పెట్టరట. ఇదెక్కడి న్యాయం? ఆయనకి లేకపోతే నాకూ వద్దు. వాళ్ళు తాళం తీసుకుంటే తీసుకోనీ. కోపం ఉన్నవాళ్ళు ఇక్కడ తినకూడదంటే ఇవాళే చెప్పెయ్యమను, ఇద్దరం ఒకే దారిన పోతాం."

తమ్ముడి వైపు చూడలేదు.

"ఆ రోజు సమాధి దగ్గర ఒక మాట వచ్చింది ప్రభువా. ఆ మాటన్న నోటికి చిన్నప్పుడు ముద్దలు పెట్టింది నేను. ఆకలని ఏడుస్తుంటే, ముందు నీకెంత విశ్వాసముందో చెప్పమని ఏనాడైనా అడిగానా?"

అడుగుల చప్పుడు వినపడింది. అందరూ కళ్ళు మూసుకునే ఉన్నారంటారు గానీ, అదే నిజమైతే ఈ కథ ఇంత వివరంగా ఎలా తెలిసింది? ఆ ఆవరణలో ప్రార్థన మధ్యలో కాలు కదిపిన మొదటి పెద్దమనిషి కార్యదర్శే. వంటగది దాటి వెనక తలుపు దగ్గరికి వెళ్ళాడు. గడియ లాగాడు. రాలేదు. తను బిగించిన గడియ తనకే రాలేదు. రెండు చేతులతో పట్టి లాగితే ఠంగుమని ఊడొచ్చింది. తలుపు తెరిచి మెట్టు మీద నిలబడ్డాడు.

"బావా," అన్నాడు.

మేస్త్రి గేటు దగ్గర అలాగే ఉన్నాడు. కదల్లేదు.

అప్పుడు వంటక్కకి తను చేసిన పని తెలిసొచ్చింది. ఆయన వచ్చి కూర్చునేదాకా ఆమేన్ అననని తను ఒట్టేసింది. ఆమేన్ వినపడేదాకా ఆయన కదలడు. ఆమేన్ అంటే కదులుతాడు, కానీ ఏ వైపు? చెయ్యింకా గొళ్ళెం మీదే ఉంది. గేటు ఒక అడుగు దూరం, మెట్లు పాతిక అడుగుల దూరం. ఇంతసేపూ మాటలతో కట్టిపడేసింది, ఇప్పుడు వదలకపోతే కుదరదు. ఎవరినో ఒకరిని నమ్మక తప్పదు. దేవుణ్ణి నమ్మాలో, మరిదిని నమ్మాలో తేల్చుకోవడానికి వ్యవధి లేదు.

"ప్రభువా, నీ చిత్తం అని నేను అనను," అంది. "ఆ మాట విని విని ఉన్నాం. ఇక ఆయనిష్టం. ఆమేన్."

ఆమేన్ అంటూ హాలు దద్దరిల్లింది. కుర్చీలు జరిగాయి, కంచాలు గలగలలాడాయి. వంటక్క మూత తియ్యలేదు. కిటికీ దగ్గరే నిలబడింది. వడ్డన కోసం వచ్చినవాళ్ళు కంచాలు పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ తొందరపెట్టలేదు.

గేటు దగ్గర మేస్త్రి గొళ్ళెం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత చెయ్యి తీసేశాడు. కుళాయి దగ్గరికి వచ్చి చేతులు కడుక్కున్నాడు, మొహం కడుక్కున్నాడు, మళ్ళీ చేతులు కడుక్కున్నాడు. మెట్టు మీద తన చోట కూర్చున్నాడు. పక్కన నిలబడ్డ కార్యదర్శి వైపు చూడలేదు. కాని కాస్త పక్కకి జరిగాడు.

వంటక్క నడుము దగ్గర్నుంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. తమ్ముడు లోపలికి రాగానే దాన్ని చూపించింది.

"ఇదిగో. కావాలంటే పట్టుకెళ్ళు. నేను వండాలంటే మాత్రం ఆ తలుపు తెరిచి ఉండాలి. ఈ వారం కాదు, ప్రతి వారం. మూసిన రోజున ఇంతకంటే పెద్ద ప్రార్థన చేస్తాను, చెప్తున్నా."

తమ్ముడు తాళంచెవి ముట్టుకోలేదు. "కమిటీలో మాట్లాడాలక్కా," అన్నాడు. గొంతులో కార్యదర్శి ఎక్కడా లేడు.

"మాట్లాడుకోండి. ముందు ఈ కంచం మీ బావకిచ్చి రా."

"నేనా?"

"మరి కమిటీనా?"

పట్టుకెళ్ళాడు. ఆ వెనకే వంటక్క కూర గిన్నె తీసుకుని బయటికి వెళ్ళింది. ఈలోగా హాల్లో నర్సమ్మ వడ్డన అందుకుంది. పాస్టరుగారు తన కంచంలో గుడ్డు వేయించుకుంటూ, "ప్రార్థన బాగుంది. కాస్త పొడుగైంది," అన్నారు ఎవరితోనో. అంతకు ముందు ఏ విషయం మీదా ఆయన అంత తెగేసి చెప్పినట్టు ఎవరికీ గుర్తులేదు.

మెట్ల మీద మేస్త్రి తల వంచుకుని తింటున్నాడు. తమ్ముడు లోపలికి వెళ్ళిపోయాక గానీ మాట్లాడలేదు.

"మీ దేవుడితో నాకింకా మాటల్లేవు వదినా."

"నేను మాట్లాడమన్నానా?"

కాసేపు నమిలాడు. "అందులో అన్నవన్నీ నిజమేనా? నీకూ కోపమేనా?"

"అబద్ధమాడాలనుకుంటే ప్రార్థనలోనా ఆడతాను?"

"మరి ప్రతి వారం లోపలికి ఎలా వెళ్తున్నావు? ఎలా వండుతున్నావు?"

వంటక్కకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కొంగుతో మొహం తుడుచుకుంది.

"మీ అన్నయ్య మీద నాకు ఎన్నిసార్లు కోపం రాలేదు? నెలల తరబడి మాటల్లేకుండా ఉన్నాం ఒకసారి. ఒక్క పూటైనా పొయ్యి వెలిగించడం మానానా? కోపమొచ్చిందని ఇంట్లో వంట మానేస్తామా?"

మేస్త్రి కంచం ముందుకు చాపాడు. వంటక్క ఇంకో గరిటె కూర వేసింది.